ఎగువకు నోరు పెట్టిన బుట్ట

1962, ఐప్పసి నెల, ఈశాన్య వానల కాలం. రాజపాళయంలో నేను చేపల శాఖ ఫీల్డ్‌మ్యాన్‌ని. సేత్తూరు దారిలోని ఒక చెరువు నా పరిధిలో ఉండేది. రెండేళ్ళు వానలు సరిగా లేక అది ఎండిపోయింది. నడిమి గుంటలో బతికి ఉన్న తల్లిచేపలే ఆ ఊరికి మిగిలిన విత్తనం.

కొత్తనీరు రాగానే చేపలు కాలువలో ఎదురెక్కి, పైనున్న పల్లపు గడ్డిలో గుడ్లు పెడతాయి. దీన్ని మేము స్పానింగ్ అంటాం. అప్పుడు కాలువలో వెదురు బుట్టలు పెడితే ఒక్క వారంలో చెరువు గొడ్డుపోతుంది. అందుకే పంచాయతీ ఆ నెలన్నరను క్లోజ్డ్ సీజన్ అని తీర్మానించింది. ఎవరూ బుట్ట పెట్టకూడదు. పంచాయతీ మనిషే పెడితే ఆ ఏటికి అతని పని పోతుంది.

ఆ ఏడు వానలు పడి కాలువ పొంగింది. వరద తీసిన రోజు ఉదయం వెళ్ళేసరికి కాలువలో బుట్ట ఉంది. రెంగసామి నాయకర్ అందులోంచి చేపలు తీసి నీళ్ళకుండలో వేస్తున్నాడు. ఆయన ఆ చెరువుకు పంచాయతీ పెట్టిన నీరుకట్టి. తూము తెరిచి, మూసి, పొలాలకు నీళ్ళు పంచే మనిషి. కోతలప్పుడు రైతులిచ్చే వరి మోపులే ఆ ఇంటికి ఏడాది తిండి.

నేను ఒక్క ప్రశ్నా వేయలేదు. అక్కడే మహజర్ రాశాను. ఏ వస్తువు, ఎక్కడ, ఎవరి దగ్గర దొరికిందో రాసుకునే కాగితం అది. నాయకర్ వేలిముద్ర వేసి, చెయ్యి తుడుచుకుని అన్నాడు.

"అన్నీ రాసినారు సార్. బుట్ట నోరు ఏ పక్కం ఉండాదో రాయలేదే."

వంగి చూశాను. ఎదురెక్కే చేపను పట్టాలంటే నోరు చెరువు వైపు ఉండాలి. ఇది ఎగువకు ఉంది. గుడ్లు పెట్టి తిరిగొచ్చే చేపలే ఇందులో పడతాయి. నీళ్ళు హఠాత్తుగా తగ్గి కాలువ కింది భాగం బురదైపోయింది. అక్కడ చిక్కితే కాకుల పాలే. ఆయన వాటిని కుండలో మోసుకెళ్ళి చెరువులో వదులుతున్నాడు.

"ముందే చెప్పకూడదా నాయకరే?"

"మీరు అడిగినారా? వచ్చినారు, రాసినారు."

చేపపిల్లను కమండలంలో దాచి కాపాడిన రాజు కథ చిన్నప్పటి నుంచి పురాణంలో విన్నవాణ్ణి. కుండ మోస్తున్న మనిషిని చూసి మాత్రం దొంగ అనుకున్నాను. సిగ్గుపడి కాగితం చించబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"చించొద్దు సార్. నన్ను విడిచినారంటే రేపు నలభై బుట్టలు వస్తాయి. అందరూ నోరు పైపక్కమే అంటారు. మీరు దినమూ వంగి చూస్తారా?"

"మీ పని పోతుంది."

"ఆమా, పోతుంది. చేప పోయిందంటే మళ్ళీ ఎక్కడినించి తెచ్చేది?"

బుట్ట నోటి సంగతి కూడా చేర్చి ఆ మహజర్‌ను పంచాయతీ మీటింగులో చదివాను. ప్రెసిడెంట్ నవ్వాడు. "చేపలకు బస్ విడిచినావా నాయకరే?" అందరూ నవ్వారు. తరువాత ప్రెసిడెంట్ గొంతు తగ్గించి, "నేనే పెట్టమన్నానని చెప్పు, వదిలేస్తాం," అన్నాడు. మెంబర్లంతా బతిమాలారు.

"మీరు చెప్పలేదే ప్రెసిడెంట్," అన్నాడు నాయకర్.

ఆ ఏటికి పని ఇంకొకరికి పోయింది. వరి మోపులూ పోయాయి. అదే మీటింగులో రూల్‌కు ఒక వాక్యం కలిపారు: వరద తీసినప్పుడు నీరుకట్టి, ఫీల్డ్‌మ్యాన్ ఎదుట, ఎగువకు నోరు పెట్టి బుట్ట వేయవచ్చు. కొత్త మనిషికి అది చేతకాలేదు. మోకాటి లోతు బురదలో దిగి నేర్పింది నాయకరే.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎదుటి మనిషి ఎందుకు చేశాడో అడగకుండా నేను మహజర్ మొదలుపెట్టలేదు. అతను చెప్పింది అతని మాటల్లోనే రాసేవాణ్ణి.

మీటింగు జరిగిన వారమే, శనివారం భజన గోష్ఠిలో, తండ్రి మాట కోసం అడవికి బయలుదేరిన స్వామిని ఊరంతా ఆపబోయే ఘట్టం వచ్చింది. అర్థం చెప్పడం నా వంతు. నేను నాయకర్ సంగతి చెప్పి కూర్చున్నాను.