నూట తొంభై ఆరు వరుసల ఫోటో

దయ్యాల కథలు నేను చాలా చదివాను. ఒక్కటీ నమ్మలేదు. చదివినంతసేపూ భయపడి, పుస్తకం మూయగానే చీకటి వంటింట్లోకి ఒక్కదాన్నే వెళ్ళి నీళ్ళు తాగి వచ్చే రకం నేను. మా నేతవాళ్ళ పేట దాజీ పేట్‌లో పిల్లలకు జ్వరం తగ్గకపోతే తాయెత్తు కట్టేవాళ్ళు ఉన్నారు. అలాంటి చోట నేను ఏమీ మాట్లాడను. ఇంటికొచ్చి డైరీలో నా అభిప్రాయం రాసుకుంటాను.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ డైరీలో ఉన్నదే. ఏ రోజుది ఆ రోజే రాసుకున్నాను కాబట్టి, తర్వాత కల్పించుకున్నది ఇందులో లేదనే అనుకుంటున్నాను.

మా కాక, అంటే నాన్న తమ్ముడు, చేతిమగ్గం మీద వాల్ హ్యాంగింగులు నేస్తాడు. గోడకు వేలాడదీసే బొమ్మల గుడ్డలు అవి. నాన్నవి వెనుక గదిలో రెండు పవర్‌లూములు, వాటి మీద టవల్స్ దిగుతాయి. కాక మగ్గం ముందు గదిని దాదాపు మొత్తం ఆక్రమించింది. శ్రావణం అయిపోగానే దాన్ని విప్పేసి అక్కడ మూడో పవర్‌లూము పెట్టాలని నాన్న నిర్ణయించాడు.

"అరే శంకర్, ఇంక ఎన్నొద్దులు కూసుంటవ్ ఆ కట్టెల మీద? నెలకొక్క బొమ్మ గూడ పోతలేదు."

"పోతది అన్నా."

"ఎప్పుడు?"

"పోయినప్పుడు."

కాక ఎప్పుడూ ఇంతే. గొడవ పడడు. కానీ ఆ రోజు భోజనం సగంలో లేచిపోయాడు. పదహారో ఏట ఆ మగ్గం ఎక్కిన మనిషి, పెళ్ళి కూడా చేసుకోలేదు. దాన్ని విప్పేస్తే ఆయన పొద్దున లేచి ఏం చేస్తాడో నాకు ఊహకు అందలేదు.

అప్పుడే పుణెలో చేతిపనుల దుకాణం నడిపే ఒక మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. మా బంధువుల ఇంట్లో కాక నేసిన గుడ్డ చూసి నా నంబరు తీసుకుందట. అందరూ నేసే దేవుళ్ళ బొమ్మలు తనకు వద్దని, మీ ఇంటి పాత డిజైన్ ఏదైనా ఉంటే స్పష్టమైన ఫోటో పంపమని అడిగింది. నచ్చితే అలాంటిదే కొత్తది నేయించుకుంటానంది. మసకగా ఉన్న ఫోటోలు మాత్రం చూడనని ముందే చెప్పేసింది.

పాతది ఒకే ఒక్కటి ఉంది. నేను పుట్టకముందే పోయిన తాత నేసింది. నాయనమ్మ పెట్టె అడుగున మడత పెట్టి ఉండేది. ఒక వానాకాలం పెట్టెలోకి నీళ్ళు దిగి కుడి సగం కుళ్ళిపోయింది, ఆ సగంలో మిగిలింది పురుగు తినేసింది. ఎడమ సగంలో ఎడ్ల బండి బాగానే ఉంది. కుడి వైపు ఏముండేదో ఎవరికీ తెలియదు. నాయనమ్మను అడిగితే, "ఏముంటదే, బండి ఉన్నంక తొవ్వుంటది," అంది.

ఫోటో తీసే పని నాది. ఫోన్ కొని వారం కూడా కాలేదు. చీరలకు ఫాల్స్ కుట్టి కొనుక్కున్నది.

మొదటి ఫోటోలన్నీ పాడయ్యాయి. ఒకటి అలుక్కుపోయినట్టు వచ్చింది, ఇంకొకటి ఇసుక చల్లినట్టు వచ్చింది. ఒక్కో కారణమే వెతుక్కుంటూ పోయాను. మా పేటలో గాలి నిండా దూది పీచే. లెన్స్ మీద సన్నటి పొర కట్టి ఉంది, మెత్తటి గుడ్డతో తుడిచాను. అప్పుడు గాని తెలియలేదు, కొత్త ఫోన్ లెన్స్ మీద కంపెనీ అంటించిన ప్లాస్టిక్ పొరను నేను పీకనే లేదని. అది తీశాక కొంచెం నయమైంది.

ఇంకా అదురు మిగిలింది. ఫోన్‌ను గోడకు ఆనించి తీస్తున్నాను. మా గోడలు పవర్‌లూములతో పాటు వణుకుతూ ఉంటాయి. అలవాటైపోయి మాకు తెలియదు, ఫోన్‌కు తెలుస్తుంది. నేల మీద చద్దర్ నాలుగు మడతలు వేసి, దాని మీద బియ్యం డబ్బా పెట్టి, డబ్బా మీద ఫోన్ నిలబెట్టి టైమర్‌తో తీశాను. ట్యూబ్‌లైట్ ఆర్పి గుడ్డను గుమ్మం దగ్గర పగటి వెలుతురులోకి తెచ్చాను. వేళ్ళతో జూమ్ చేయడం మానేసి డబ్బానే దగ్గరికి జరిపాను. ముఖాలను నునుపు చేసే బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటే ఆపేశాను.

అప్పుడు వచ్చిన ఫోటోలో ఎడమ సగం ఎంత బాగుందంటే, ఎద్దు మూపురం మీద పోగులు లెక్కపెట్టుకోవచ్చు. కుడి సగం మాత్రం ఇసుకే. రంగు రంగుల చుక్కలు.

కుళ్ళిన గుడ్డ కదా, అందుకే అనుకున్నాను. గుడ్డను తలకిందులు చేసి తీశాను. చుక్కలు కూడా గుడ్డతో పాటే అటు వైపుకు మారాయి. అంటే లెన్స్‌లో లోపం లేదు. నాన్న పాత ఫోన్‌తో తీశాను. అందులో చుక్కలు లేవు, వెలిసిపోయిన గుడ్డ, చిరుగులు, కింద నేల, అంతే. నా ఫోన్‌తో నాయనమ్మను, ఆమె చుట్టే బీడీ ఆకుల కట్టను, మగ్గాన్ని తీశాను. అన్నీ శుభ్రంగా వచ్చాయి. ఆ ఫోన్‌లో, ఆ కుడి సగానికి మాత్రమే చుక్కలు పడుతున్నాయి.

కాకకు చూపించడానికి సిగ్గనిపించింది.

"ఖరాబైంది కాకా."

ఆయన అద్దాలు పెట్టుకుని ఫోటోను వేళ్ళతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"గిది గ్రాఫే గదనే," అన్నాడు.

వాల్ హ్యాంగింగ్ నేసేవాళ్ళు బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద గీసుకుంటారు. ఒక్కో గడికి ఒక్కో రంగు. గళ్ళు లెక్కపెట్టుకుంటూ వరుస తర్వాత వరుస నేస్తారు. దాన్నే గ్రాఫ్ అంటారు. జీవితమంతా గళ్ళు చూసిన కళ్ళు కాబట్టి కాక పొరపడ్డాడని నాకు అర్థమైంది. ఏ ఫోటో అయినా బాగా పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగానే కనిపిస్తుంది.

"గాదు కాకా. ఎలుతురు సాలక వడ్డ సుక్కలు. ఫోన్ తప్పు."

"ఫోన్‌కు నేతే రాదు, తప్పెట్ల నేస్తది? లెక్కవెట్టు."

లెక్కపెట్టాను. ఎడమ సగంలో కింది అంచు నుంచి పై అంచు దాకా నూట తొంభై ఆరు వరుసలు ఉన్నాయి. చుక్కల్లోనూ నూట తొంభై ఆరు. రెండోసారి లెక్కపెట్టినా అంతే వచ్చింది. అది యాదృచ్ఛికమని డైరీలో రాసుకున్నాను. ఆ మాట కాకతో అనలేకపోయాను. ఎదురు చెప్పడం నాకు చేతకాదు.

ఆ చుక్కల ప్రకారమే కుడి సగం కూడా నేసి, ఆ కొత్త గుడ్డ ఫోటోనే మేడమ్‌కు పంపుదామన్నాడు కాక. జిరాక్స్ దుకాణంలో ఆ కుడి సగాన్ని పెద్ద కాగితం మీద కలర్ ప్రింట్ తీయించాను. అంత పెద్దది చేసినా గళ్ళు చిన్నవే. మగ్గం మీద కూర్చుంటే అంత దూరం నుంచి అవి కాక కళ్ళకు ఆనవు. అందుకని నేను పక్కన స్టూలు మీద కూర్చుని చదవాలి, ఆయన నేయాలి. ప్రతి వరుసలోనూ ఎడమ సగం పాత గుడ్డను చూసి తనే నేసేవాడు. కుడి సగం రాగానే ఆగేవాడు.

"నాలుగు మట్టి, ఒకటి తెలుపు, పదకొండు మట్టి," అని నేను చదివేదాన్ని.

పదకొండు రోజులు అలా కూర్చున్నాను. కాక పనిని అంత దగ్గర నుంచి నేను అంతకుముందు చూడలేదు. కళ్ళు ఎక్కడో ఉంటాయి, వేళ్ళు మాత్రం పోగుల మధ్యకు దూరి సరిగ్గా పదకొండింటిని విడదీస్తాయి. దారం చుట్టిన చిన్న కండె అటు నుంచి ఇటు దాటుతుంది, పోగును బిగించే పలక ఒక్క దెబ్బ వేస్తుంది, వరుస కుదురుకుంటుంది. అందులో తొందర గాని, వృథా కదలిక గాని లేదు. వెనుక గదిలో పవర్‌లూములు ఇల్లంతా అదరగొడుతుంటే, ఆ చేతుల దగ్గర మాత్రం నిశ్శబ్దంగా ఉన్నట్టు అనిపించేది. ఇంత పని తెలిసిన మనిషి నా పాడు ఫోటోను నమ్ముకున్నాడే అని నాకు లోపల దిగులు. చివరికి అది అర్థం లేని మరకల గుడ్డ అవుతుంది, మేడమ్ వద్దంటుంది, మగ్గం పోతుంది. ఆ పాపం నాదే.

నాలుగో రోజు మధ్యాహ్నం విసుగొచ్చి, కాగితం చూడకుండా నోటికొచ్చిన అంకె చెప్పాను.

కాక చెయ్యి ఆగింది. "మళ్ల సూడు. కింది వరుసకు పొత్తు కుదుర్తలేదు."

చూశాను. నేను ఆరు అన్నాను, కాగితంలో తొమ్మిది ఉంది. తొమ్మిది అన్నాక ఆయన చెయ్యి కదిలింది.

ఆ రాత్రి దాని గురించే ఆలోచించాను. వెలుతురు చాలక వచ్చిన చుక్కలైతే ఒక వరుసకూ దాని పై వరుసకూ ఏ సంబంధమూ ఉండకూడదు. పొత్తు కుదరడమనే మాటే రాకూడదు. నేను మొదటిసారి భయపడ్డది అప్పుడే.

ఎనిమిదో రోజు పొద్దున, నూట ముప్పైల్లో ఒక వరుస దగ్గర కాగితం మీద వెలిసిన గులాబీ రంగు వచ్చింది. కాక తన దగ్గరున్న గులాబీ నూలు మూడు రకాలు దాని పక్కన పట్టి చూశాడు. ఏదీ కలవలేదు. అమ్మ, నాయనమ్మ చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు వెళ్ళారు. కాక లేచి నాయనమ్మ చాటలోంచి బీడీలు కట్టే దారం రీలు తెచ్చాడు. అచ్చం అదే రంగు. సన్నగా ఉందని రెండు పోగులు కలిపి నేశాడు. ఆ గులాబీ రంగు ఇరవై వరుసల దాకా వస్తూనే ఉంది. రీలు బాగా తరిగిపోయింది.

"అవ్వకు జెప్పకు," అన్నాడు.

చెప్పలేదు. డైరీలో మాత్రం రాశాను.

నేసిన గుడ్డ నేసినట్టే మగ్గం ముందుండే దోనె అనే గుండ్రటి కర్రకు చుట్టుకుపోతుంది కాబట్టి బొమ్మ మొత్తం ఎలా వస్తోందో మాకు కనిపించలేదు. పదకొండో రోజు సాయంత్రం గుడ్డను కోసి నేల మీద పరిచాడు. నాన్న కూడా పవర్‌లూములు ఆపి వచ్చాడు.

ఎడమ వైపు బండి వెళుతోంది. కుడి వైపు ఒక ఇంటి గుమ్మం. గుమ్మంలో ఒక ఆడమనిషి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని బండి వైపు చూస్తోంది. ఆమె కొంగు గులాబీ రంగు. మరకలు లేవు, తప్పులు లేవు. ఎడమ సగం బొమ్మ గీసిన చెయ్యే కుడి సగాన్నీ గీసిందని ఎవరైనా చెప్పగలరు.

నాన్న చెప్పులు వదిలేసి దాని పక్కన కూర్చున్నాడు.

నాయనమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషి నీడ తప్ప ఏమీ కనిపించదు, బీడీలు కూడా వేళ్ళతో తడుముకునే చుడుతుంది. "నాకియ్యుండ్రి ఒకపాలి," అంటూ గుడ్డ మీద చేయి వేసింది. వేళ్ళు మెల్లగా బండి దాటాయి, దారి దాటాయి. కొంగు దగ్గర ఆగాయి.

"ఈడ నా దారమున్నది," అంది.

"ఏం దారమవ్వా?" అన్నాడు కాక.

"నాటకాలు జెయ్యకు. యాభై ఏండ్లసంది ఏళ్ళ మీద తిప్పుతున్న దారం నాకు తెల్వదా? రెండు పోగులు కలిపినవ్."

కాక తల దించుకున్నాడు. నాయనమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మీ బాపు గూడ గిట్లనే జేసిండు. నేను కార్ఖానకు వొయ్యొచ్చేసరికి రీలు సగమైంది. రెండు పోగులు కలిపి ఆ మగ్గం మీద నేస్తుండె. తెల్లారి బీడీలు తక్కువైతె కార్ఖాన్ల అందరి ముంగట మాటలు వడ్డ. గా కోపానికి ఆ గుడ్డ దిక్కు సూడనే సూడలే. ఆయన గూడ సూపియ్యలే. మడతవెట్టి పెట్టెలేసిండు."

ఆ పోగులను మళ్ళీ తడిమి అడిగింది. "ఏం నేసిండురా నా దారంతోని?"

కాక ఆమె పక్కకు జరిగాడు. "కొంగు అవ్వా. గడపల ఒక ఆడామె నిలవడ్డది. బండి దిక్కు సూస్తున్నది."

ఆమె వేళ్ళు ఆ గులాబీ పోగుల మీదే ఉన్నాయి.

"పాగల్ మనిషి," అంది చివరికి. "అడిగితె ఇయ్యకపోదునా."

ఇక దీన్ని పుణెకు పంపొద్దని నాన్న అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "పంపుండ్రి. పెట్టెల వెడితె మళ్ల పురుగే తింటది. గోడకుంటె నలుగురు సూస్తరు. మగ్గముంటె వీడు నాకొకటి నేస్తడు తియ్యి."

"మగ్గం యాడికి వోతలేదు," అన్నాడు నాన్న, కాక వైపు చూడకుండా. "మూడోదానికి జాగ వేరే సూస్త."

మర్నాడు కొత్త గుడ్డను ఫోటో తీశాను. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా శుభ్రంగా వచ్చింది. మేడమ్ ఆ గుడ్డను తీసుకుంది, ఇంకొకటి నేయమంది. పాత గుడ్డను కూడా మళ్ళీ తీశాను. ఈసారి కుడి సగంలో చుక్కలు లేవు. పురుగు తిన్న చిరుగులు, కింద నేల కనిపించాయి. అప్పటి నుంచి ఎన్నిసార్లు తీసినా అంతే. ఆ గులాబీ కొంగు ఉండాల్సిన చోట పాత గుడ్డలో సూదితో వెతికాను. అక్కడ ఒక్క పోగు కూడా మిగల్లేదు. మరి నా ఫోన్ దేన్ని ఫోటో తీసిందో తెలియదు.

నాన్న దీనికి ఒక కారణం చెబుతాడు. తాత ఆ గుడ్డ నేసేనాటికి కాక ఉయ్యాలలో ఉన్నా, తర్వాత తాత పక్కన కూర్చునే పని నేర్చుకున్నాడు. ఆ చేతులే ఈ చేతులు, తండ్రిలాగే ఆలోచించి ఉంటాయి అంటాడు. కాక చేతులను అన్ని రోజులు చూసినదాన్ని కాబట్టి అవి ఎంతటి పనైనా చేయగలవని నేనూ నమ్ముతాను.

కానీ నేసినంతకాలం కాక గళ్ళ కోసం ఆ కాగితం వైపు చూడలేదు. గడి గడీ చదివింది నేను. నాకు నేత రాదు. తాతను నేను చూడనే లేదు.