నువ్వు యాడుండావప్పా?

మా వేంపల్లె చర్చి వెనక గదిలో మొన్న బండలు పరిచారు. పనివాడు రాయిని తడిపి కోత మిషను పెట్టగానే తడిసిన రాతిపొడి వాసన గుప్పుమంది. ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నవాణ్ణి పెన్ను పక్కన పెట్టేశాను. అది బేతంచెర్ల వాసన. ఆ ఊళ్ళో చెట్ల ఆకుల మీద, మనుషుల కనుబొమ్మల మీద, మందిరంలో పరిచిన చాపల మీద కూడా ఆ తెల్లటి పొడి ఉండేది. ఆ వాసన వెంట యేసురత్నం అయ్యగారు గుర్తుకొచ్చారు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. పుస్తకాలు రాయలేదు, పెద్ద సభల్లో మాట్లాడలేదు. ఆ ఊరి రాతి గనుల్లో, బండల పాలిషు మిషన్ల దగ్గర పనిచేసే కుటుంబాల మధ్య ఒక చిన్న సంఘానికి జీవితమంతా కాపరిగా ఉండి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళయినా, ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ ఇళ్ళకు పోయాక, ఆయన దగ్గరికి పోయి కూర్చుంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బైబిలు కళాశాలలో చదువు ముగిశాక నేనూ నా భార్య సుగుణా ఆయన దగ్గరికే వెళ్ళాం, నన్ను సహాయ పాస్టరుగా వేశారు కాబట్టి. అప్పటికే ఆయన భార్య చనిపోయింది. మందిరం పక్క గదిలో ఒక్కరే వండుకుని తినేవారు. బక్క మనిషి, కొంచెం బొంగురు గొంతు. ప్రసంగంలో ఆయన తడబడేవారు. నాకు మాత్రం మాట ఎలా కావాలంటే అలా వచ్చేది. సంఘం నన్ను మెచ్చుకుంటుంటే ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించేది.

మాకు మొదటి బిడ్డ కర్నూలు ఆసుపత్రిలో పుట్టాడు. పొద్దున పుట్టినవాడు సాయంత్రానికి లేడు. గుడ్డలో చుట్టి తెచ్చిన ఆ బిడ్డను సమాధుల తోట దాకా అయ్యగారే ఎత్తుకుని నడిచారు. తర్వాతి ఆదివారం ఆయన వద్దంటున్నా వినకుండా నేనే ప్రసంగం చెప్పాను. దేవుని ప్రేమను గురించి చెప్పాను. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. "పాస్టరంటే ఇట్లుండాల" అన్నాడొక సంఘపెద్ద. అందరూ వెళ్ళేదాకా అయ్యగారు గడప దగ్గర నిలబడ్డారు.

"ప్రసంగం శానా బాగుండాది దానియేలూ. అందులో నువ్వు యాడుండావప్పా?"

ఆయన అడిగింది నాకు అర్థమైంది. అర్థం కానట్టే నవ్వి ఇంటికొచ్చేశాను. అక్కడ సుగుణ అన్నం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది, తినడం లేదు. "ఊరందరి కన్నీళ్ళూ తుడుస్తాండారు. మన బిడ్డను గురించి నాతో ఒక్క మాటన్నా మాట్లాడినారా?" అంది. ఆ తర్వాత కూడా ప్రసంగాలు ఆగలేదు. కానీ నోట్లోంచి వస్తున్న మాటలు ఎవరివో అనిపించేవి. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే ఎదురుగా ఎవరూ ఉన్నట్టు ఉండేది కాదు. డోన్‌లో మా బావమరిది లారీ ఆఫీసులో పని ఉందంటే, వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాను.

ఆ మాట చెప్పడానికి పోయేసరికి అయ్యగారు వంకాయలు తరుగుతున్నారు. నేను చెప్పేదంతా విని కత్తి పక్కన పెట్టారు. కారణం అడగలేదు, ఉండమనీ అనలేదు. "సుగుణను పిల్చుకోని రా. ముగ్గురం ఒక కాడికి పోదాం" అన్నారు.

సమాధుల తోటకు తీసుకువెళ్ళారు. ఆ చిన్న మట్టిదిబ్బ పక్కన ఎండలోనే కూర్చున్నారు. "బిడ్డకు ఏం పేరు పెట్టాలనుకున్యావమ్మా?" అని సుగుణను అడిగారు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. "ఆనందు అనుకున్యాను అయ్యగారూ" అని తను మట్టి మీదికి వంగి బిగ్గరగా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "దేవుని ప్రేమ, దేవుని ప్రేమ అని ఊరంతా చెప్తాం కదా. ఆ పొద్దు ఆ ప్రేమ యాడికి పోయింది అయ్యగారూ?" అని అరిచాను.

"నాకు తెల్దప్పా" అన్నారాయన.

ఏదో వాక్యం చెబుతారనుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని మెల్లగా మొదలుపెట్టారు. "మా ఇంటామె పోయినప్పుడు నేనూ ఇదే అడిగినా. ఇంతవరకూ జవాబు రాలేదు. అప్పుడు నేనూ నీ మాదిరే ఒక్క ఆదివారమూ మానకుండా చెప్పినా. అందరికీ వడ్డించినా, నేను మాత్రం తినలా. ఒక మద్యాన్నం ఖాళీ మందిరంలో కింద పండుకోని దేవున్ని నోటికొచ్చినట్ల తిట్టినా. తిట్టి తిట్టి అలిసిపోయి ఏడ్చినా. అప్పుడు కొడుకును పట్టుకున్నట్ల పట్టుకున్యాడప్పా నన్ను. ఎందుకు తీసుకపోయినాడో చెప్పలా. పట్టుకున్యాడు, అంతే. శానా ఏండ్లు ఆయన ప్రేమను ఊరికి చెప్పినా. నాకు తెలిసింది ఆ పొద్దే."

లేచేటప్పుడు ఒక్కటే కోరారు. "పోవాలంటే పో. అంతకుముందు కొన్నాళ్ళు ప్రసంగం మాని, చాప మీద అందరితో పాటు కూర్చో."

కూర్చున్నాను. తల ఎత్తలేనంత సిగ్గుగా ఉండేది. "పాస్టరు కింద కూర్చుంటే ఏం బాగుంటాది?" అని ఒక సంఘపెద్ద అభ్యంతరం చెప్పాడు. "ఆయనా గొర్రెపిల్లే కదప్పా, మేయనీ" అన్నారు అయ్యగారు. ఆ వారాల్లో ఆయన తడబడుతూ చెప్పే మాటలు మొదటిసారి శ్రద్ధగా విన్నాను. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆచరించిన ఆదివారం అందరితో పాటు మోకరించాను. ఆయన వంగి నా చేతిలో రొట్టె పెడుతూ, "దానియేలూ, ఇది నీ కోసం" అన్నారు. ఎందరికో నేను అన్న మాటే అది. ఆ రోజు అది నా దగ్గరికి వచ్చింది. ఏ దర్శనమూ లేదు, ఏ స్వరమూ వినబడలేదు. నేను మంచి పాస్టరును కాకపోయినా, అసలు పాస్టరునే కాకపోయినా, నన్ను విడిచిపెట్టని వాడొకడున్నాడని తెలిసింది. ఆసుపత్రిలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ మధ్యాహ్నం సుగుణా నేనూ మా ఆనందును గురించి పొద్దు వాలేదాకా మాట్లాడుకున్నాం. వాడి ముక్కు ఎవరిదో కూడా పోట్లాడుకున్నాం. డోన్ ప్రయాణం మాట మళ్ళీ ఎత్తలేదు.

వయసు మీరాక అయ్యగారు కర్నూలు, కడప పల్లెల్లో ఉన్న పాస్టర్లను చూడడానికి బస్సుల్లో తిరిగేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఒక యువ పాస్టరు కొత్తగా కట్టిన మందిరమంతా తిప్పి చూపించాడు. అంతా చూశాక అయ్యగారు మెట్ల మీద కూర్చుని, "బాగుండాదప్పా. దేవుడు నిన్ను ప్రేమిస్తాండాడని నీకు తెలుస్తాండాదా?" అని అడిగారు. అతను వెంటనే ఒక వాక్యం ఎత్తుకున్నాడు. "వాక్యం నాకూ తెలుసు నాయనా. నీ సంగతి చెప్పు." అతని భార్య టీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి అతను అయ్యగారి భుజం మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. ఆమె గ్లాసులు పక్కన పెట్టి, తనూ వచ్చి ఆ మెట్ల మీద కూర్చుంది.

అయ్యగారు పోయినప్పుడు నేను ఈ వేంపల్లె సంఘానికి పాస్టరుగా వచ్చి ఉన్నాను. చివరి చూపు దక్కింది గానీ చివరి మాట దక్కలేదు. ఇక్కడ అందరూ నా ముందు తల వంచుతారు. నేను తల వంచడానికి ఆయన లేరు. అందుకే నా లోపల ఎండిపోయినప్పుడు దాన్ని మాటలతో కప్పిపుచ్చడం మానేశాను. పోయిన నెల ఒక ఆదివారం ప్రసంగానికి లేచి, "ఈ వారం నాకు ప్రార్థన సాగడం లేదు. మీరే నా కోసం చెయ్యండి" అని చెప్పి మోకరించాను. వేరుశనగ పండించే యోబు తాత కర్ర ఊతంగా ముందుకు వచ్చి, చెయ్యి నా తల మీద పెట్టాడు. పొలంలో మాట్లాడినట్టే దేవుడితో మాట్లాడాడు, చెప్పిందే చెప్పాడు. ఆ చెయ్యి అయ్యగారిది కాదు. అయినా తాత ముగించేదాకా నేను తల ఎత్తలేదు.