సింహాచలం కొండ మీద దొరికిన బావమరిది

నా జీపును నాలుగంగుళాలు ఎత్తించాక, నల్లమలలో పులి కూడా పక్కకు తప్పుకుందని కర్నూలంతా చెప్పుకు తిరిగాను. సింహాచలం ఘాట్ రోడ్డుకు నా కథలు తెలియవు కదా, మలుపు మలుపుకీ బండి ఒరిగింది. దర్శనమయ్యాక మా ఆవిడ, "నేను మెట్లమీదుగా దిగుతా" అని తేల్చేసింది.

నా వెనకే అంత ఎత్తు జీపు ఇంకొకటి ఒరక్కుండా ఎక్కొచ్చింది. దాని ఆసామి పోర్టులో క్రేన్ నడుపుతాడట. అడగకుండానే నా బండి కిందికి దూరాడు.

"ఏటి బావా, ఎత్తు పెంచినోడు బండి ఒరక్కుండా పట్టే స్టెబిలైజర్ రాడ్డు పీకేసి ఒగ్గేసాడు. టైరూ, నీళ్ల డబ్బాలూ నెత్తిమీదెట్టావు. ఊగదేటి మరి?"

మా వైపు ముక్కూ మొహం తెలియనివాడు బావా అంటే గొడవే. ఇక్కడ అది పలకరింపు. సరే, నేను బావనైతే మా ఆవిడ ఏమవుతుంది?

"సెల్లెమ్మా, నా బండెక్కు. మీ వదిన కూడా ఉంది" అన్నాడు.

పుట్టింటికి పోతున్నట్టు ఎక్కేసింది. అన్నగారిని చూసి కుళ్లుకునే హక్కు కూడా నాకు మిగల్లేదు.

కొండ దిగాక మల్కాపురంలో తనకు తెలిసిన షెడ్డులో రాడ్డు బిగించి, పెరిగిన ఎత్తుకు అందేలా పొడుగు లింకులు వేయించాడు. పైనున్న బరువంతా కిందికి దింపించాడు. మా ఆవిడ మళ్లీ నా పక్కన కూర్చుంది గానీ, "మా అన్నయ్య చేయించాడు" అని ఒకటే మురిసిపోవడం.

ఇంటిదారిలో తుని దాటాక ఖాళీ రోడ్డు చూసి, ఒక్కసారైనా ఊగకపోతుందా అని స్టీరింగు కావాలనే విదిలించాను. మా ఆవిడ నిద్ర కూడా చెదరలేదు.