మా అత్త నాలుక

నా చిన్నప్పుడు బడి గంట కొట్టే వేళకు నేను మల్బరీ తోటలో ఆకు కోస్తూ ఉండేదాన్ని. పట్టుపురుగులు ఆకలికి ఆగవు. అందుకే అక్షరాలు నా దాకా రాలేదు. కూతురికి పెళ్లయి ధర్మవరం వెళ్లాక, పొదుపు సంఘం ఆడవాళ్లతో కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పటికీ ఒత్తుల దగ్గర ఆగి ఆలోచిస్తాను. రాయడం వస్తే మా అత్త నాలుక గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకున్నాను.

మాది పెనుకొండ దగ్గర పల్లె. పండ్ల కాలంలో మల్బరీ తోటలో తిరిగే పిల్లలందరి నాలుకలూ ఎర్రగానే ఉండేవి. అందుకే మా తమ్ముడికి జ్వరం వచ్చి నాలుక ఎర్రబడినప్పుడు ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. వాడికప్పుడే నడక వచ్చింది. జ్వరం మాత్రం దిగలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, పెదవులు పగిలాయి, చేతులు ఉబ్బాయి. నాలుక మీద అచ్చం మల్బరీ పండు మీద ఉన్నట్టే బుడిపెలు లేచాయి.

"పండ్లు తిన్న నాలిక అట్లే ఉంటాదిలే. వేడి చేసింటాది, మజ్జిగ తాపండి" అని మా అవ్వ తేల్చేసింది. అవ్వ మాటకు మా నాయన ఎదురు చెప్పడు.

ఆ పండ్లు పెట్టింది నేను. జ్వరంలో వాడు ఇంకేమీ ముట్టకుండా వాటికోసమే ఏడుస్తుంటే, కింద రాలినవి ఏరి, కడగకుండానే వాడి నోట్లో పెట్టేదాన్ని. నా వల్లే తమ్ముడు చచ్చిపోతాడని పట్టుపురుగులు పెంచే గది వెనక కూర్చుని ఏడ్చాను. మా ఇంట్లోనే ఉండే మేనత్త వెతుక్కుంటూ వచ్చింది.

"యాల ఏడుస్తాండావు పాపా?"

చెప్పాను. అత్త నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చేయి పట్టుకుని తోటలోకి తీసుకెళ్లి, అదే చెట్టు కింద, అట్లాంటి రాలిన పండ్లే నాతో ఏరించింది. కడగకుండా గుప్పెడు తినేసి, నాలుక బయటపెట్టింది. తమ్ముడి నాలుకంత ఎర్రగా ఉంది.

"పొద్దున మళ్లీ సూడు" అంది.

తెల్లవారగానే అత్త దగ్గరికి పరుగెత్తాను. నాలుక బయటపెట్టింది. ఎరుపు దాదాపు పోయింది. జ్వరం లేదు, కళ్లు తెల్లగా ఉన్నాయి. ఇద్దరం తమ్ముడి దగ్గరికి వెళ్లాం. రాత్రి నుంచి ఒక్క పండూ తినకపోయినా, వాడి నాలుక నిన్నటిలాగే మండుతోంది.

"ఇది నీ పండ్లది గాదు పాపా. ఇంగేందో ఉండాది" అని, అవ్వ వైపు తిరిగి, "నేనూ అవే తిన్నా. నాకూ పోస్తావా మజ్జిగ?" అంది. అవ్వ మజ్జిగ చెంబు పక్కన పెట్టింది. నాయన తమ్ముణ్ణి భుజాన వేసుకుని హిందూపురం బస్సెక్కాడు.

అక్కడి డాక్టరు జబ్బు పేరు చెప్పలేకపోయాడు. తమ్ముడు కోలుకున్నాడు. వేళ్ల కొసల తోలు ఉల్లిపొరలా ఊడింది. ఇప్పుడు లేపాక్షిలో ఆటో నడుపుతున్నాడు.

ఆ నాలుకను మళ్లీ ఈ ఏడాది చూశాను, నా మనవడి నోట్లో. ధర్మవరం నుంచి బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ దానికి పేరు చెప్పింది, కవాసాకి అని. గుండెకు వెళ్లే రక్తనాళాలు దెబ్బతినకుండా నరంలోకి మందు ఎక్కించారు. నా తమ్ముడి సంగతి చెబితే, మీ తమ్ముడిదీ ఇదే అయ్యుండొచ్చు, ఒకసారి గుండె చూపించుకోమనండి అంది. ఎందుకు వస్తుందని అడిగాను. కొన్ని బ్యాక్టీరియాల మీద అనుమానం ఉందట. అవి వదిలే విషానికి ఒళ్లు ఎదురుతిరిగి రక్తనాళాలు వాస్తాయేమోనని కొందరు, కాదు వైరస్ అని కొందరు అంటారట. ఏదీ ఇంకా రుజువు కాలేదని, తల్లి తప్పేమీ లేదని నెమ్మదిగా చెప్పింది.

నా కూతురికి ఆ మాటలు ఎక్కలేదు. "నేనే మా, వానికి ఎర్ర పుల్లైసు కొనిచ్చినా. దాంట్లోనే ఏదో పురుగు ఉండింటాది" అని మంచం పక్కన కూర్చుని అన్నం మానేసింది. ఆ సాయంత్రం నేను మా అత్త సంగతంతా చెప్పాను. విన్నది, అన్నం మాత్రం ముట్టలేదు.

మర్నాడు పొద్దున పిల్లవాడి ఒళ్లు చల్లబడింది. గుండె స్కాన్ మళ్లీ తీయాలన్నారు. నేను కిందికి దిగి, ఎదురు దుకాణం తెరిచేదాకా నిలబడి, ఇడ్లీ పొట్లంతో పాటు ఎర్ర పుల్లైసు ఒకటి కొన్నాను. కూతురి ఎదురుగా కూర్చుని, పళ్లు జివ్వుమంటున్నా పుల్ల మిగిలేదాకా తిని, నాలుక బయటపెట్టాను.

"ఏందిమా ఇది, చిన్నపిల్ల మాదిరి!" అంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"సాయంత్రం మళ్లీ సూడు" అని ఇడ్లీ పొట్లం విప్పి ఆమె ఒళ్లో పెట్టాను. ఒక ముక్క తుంచింది.