అవ్వ చుట్టిన రాగితీగ

కరీంనగర్‌లో జరిగే సైన్సు ప్రదర్శనకు మా బడి నుంచి ఒక్కరినే పంపేవాళ్ళు. ఆ ఒక్కరూ నేనే కావాలని పదో తరగతిలో నాకు పిచ్చి పట్టింది.

రాగితీగ చుట్టలో అయస్కాంతాన్ని ఆడిస్తే తీగలో కరెంటు పుడుతుంది, దానికి కలిపిన మీటరు ముల్లు కదులుతుంది. ఆడించడం ఆపితే ముల్లు పడుకుంటుంది. నేను చూపించాల్సింది అంతే. మోటర్ల షాపులో అడిగి మా బాపు తెచ్చిన తీగకు వార్నిష్ పూత ఉంది. మీటరు తగిలించడానికి కొనలు రెండూ గీకి, చుట్ట చేసి ఇంట్లో పెట్టి బడికి పోయాను.

మా వాడంతా సాంచాలే, అంటే పవర్‌లూమ్‌లు. వాటి చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. మా అవ్వ, అంటే అమ్మ, వాటికి నూలు కండెలు చుట్టేది. సగం పని చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. సాయంత్రం వచ్చేసరికి నా తీగ మొత్తం తళతళలాడుతోంది.

“కొనలు గీకి ఇడిసిపెట్టినవ్, దొంగపని! మొత్తం గీకి మళ్ళ చుట్టిన,” అంది అవ్వ గర్వంగా.

పూత పోతే తీగకు తీగ తగిలి కరెంటు అడ్డదారి పడుతుంది. ముల్లు కదలదు. మా సైన్సు సార్‌కు చూపించాల్సింది రేపే.

“మొత్తం ఖరాబ్ జేసినవ్! నీకేం తెలుసని ముట్టినవే?” అని అరిచాను.

అవ్వ మొహం చిన్నబోయింది. “గిప్పుడేం గావాలె?” అంది.

“తీగకు తీగ తగలొద్దు!”

“గంతేనా? గీ మాత్రానికి గంత పరేషానా?”

చుట్ట విప్పింది. తీగ పక్కన ఒక నూలుపోగు పట్టి, రెండింటినీ కలిపి రాట్నం మీద చుట్టింది. వరుస వరుసకీ మధ్య గుడ్డపేలిక పరిచింది. పొద్దంతా తీగ గీకిన ఆమె వేళ్ళకు బొబ్బలు లేచి ఉన్నాయి.

మర్నాడు బడిలో అయస్కాంతం ఆడించగానే ముల్లు ఎగిరింది. నేనూ ఎగిరాను. సార్ చుట్టను అటూ ఇటూ తిప్పి చూసి, “నూలు పెట్టుమని ఎవరు చెప్పిన్రు?” అన్నారు.

“నేనే అనుకున్న సార్.”

సిగ్గులేని దాన్ని! కరీంనగర్ పంపేది నన్నేనన్నారు. ఇంటికి రాగానే అవ్వ, “ముల్లు కదిలిందా బిడ్డా?” అంది. ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు లక్సెట్టిపేటలో నేనే సైన్సు టీచర్ని. ఆ చుట్ట నా సొరుగులో ఉంది. నూలు మాసింది కానీ ముల్లు ఇంకా కదులుతుంది. “గీ నూలెందుకు టీచర్?” అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. “మా అవ్వ చుట్టింది,” అంటాను. అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆ మాట నేను ఎవరి ముందూ అనలేదు.