తార్నాక శిబిరంలో అక్కాచెల్లెళ్లు

1996లో నన్ను తార్నాక క్యాంపస్‌లో జన్యు ప్రయోగశాలకు టెక్నికల్ అసిస్టెంటుగా వేశారు. వేల ఏళ్ల కిందట మనుషులు ఏ దారిన వచ్చి ఇక్కడ స్థిరపడ్డారో తేల్చడం ప్రయోగశాల పని. అందుకు రక్తం సేకరించే శిబిరాల్లో సూది గుచ్చడం నా పని. మానవ చరిత్రలో నా పాత్ర అంతే.

తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు వచ్చే డీఎన్‌ఏ ఒకటుంది. అందులోని చిన్న మార్పులే మాకు దారి గుర్తులు. ఒకే తల్లి పిల్లల్లో ఆ గుర్తులు ఒకటే కనుక, అక్కాచెల్లెళ్లు వస్తే ఒక్కరి రక్తమే తీసుకోవాలి. ఫారంలో చుట్టరికం గడిలో వాళ్లు చెప్పిందే రాయాలి. పరీక్ష సామగ్రి లెక్కగా వచ్చేది కాబట్టి, రక్తం ఇవ్వడానికి ఎంపికైనవాళ్లకే శిబిరంలోని డాక్టరమ్మ హిమోగ్లోబిన్ చూసేది.

ఒక ఉదయం క్యాంపస్‌లో పెట్టిన శిబిరానికి హాస్టల్ మెస్సులో చపాతీలు చేసే లక్ష్మమ్మ, మరియమ్మ వచ్చారు. మరియమ్మ మొహం పాలిపోయింది. పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడుతోందట.

"మా అక్కకు రక్తం చూడుండ్రి," అంది లక్ష్మమ్మ.

ఒకరిది నల్గొండ వైపు, ఒకరిది మెదక్ వైపు. ఒకరు గుడికి, ఒకరు చర్చికి. అక్క ఎట్లయిందని అడిగాను.

"ఒక్క పొయ్యి కాడ ఇన్నేండ్లు నిలవడ్డం. ఇంకెట్లయితది?"

చుట్టాలం కామని చెబితే ఇద్దరి రక్తమూ తీసుకోవచ్చన్నారు మా సీనియర్ సైంటిస్టు. "ఈ ఒక్కపూటకు కాదనుకో అమ్మా," అన్నాను నేను, పెద్ద వకీలులా.

"పొద్దుగాల కాదని పగటికి అక్కా అని ఎట్ల పిలుస్త బిడ్డా? నువ్వు మీ అక్కను గట్లనే అంటవా?"

"ఆమెతో పడని పూట అంటా," అన్నాను. లక్ష్మమ్మ నవ్వలేదు. మరియమ్మ నవ్వింది, గోడ పట్టుకుని.

"ఒక్కరే అయితే అక్కనే రాసుకోండ్రి," అని లక్ష్మమ్మ పక్కకు జరిగింది.

డాక్టరమ్మ మరియమ్మ వేలు గుచ్చి చూసి, ఈమె నుంచి ఇంకో చుక్క కూడా తీయొద్దని, వెంటనే పెద్దాసుపత్రికి పంపమని చీటీ రాసింది. సీనియర్ ఆశగా లక్ష్మమ్మ వైపు తిరిగారు. జాగా ఖాళీ అయింది కదా.

"నాకు టైము లేదు సారూ. అక్కను తోల్కపోవాలె," అంటూ ఆమె మరియమ్మను పట్టుకుని ఆటో ఎక్కించింది. ఇద్దరు మనుషులు, సున్నా శాంపిళ్లు.

నెల తిరిగాక మరియమ్మ మళ్లీ పొయ్యి దగ్గర కనిపించింది, మొహంలో కొంచెం రంగుతో. మందులు మింగిందా లేదా అని లక్ష్మమ్మ పక్కనుంచి దబాయిస్తోంది.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి శిబిరంలోనూ ముందు హిమోగ్లోబిన్ చూశాం. చుట్టరికం తర్వాత అడిగాం.