మీడియం సైజు అమ్మాయి

కుట్టు కార్ఖానాలో ఆమెను అందరూ ‘మీడియం’ అనే పిలిచేవారు. ఎగతాళికి పెట్టిన పేరు కాదు, పనిలో పుట్టిన పేరు. అక్కడ ఆడవాళ్లకు రెడీమేడ్ గౌన్లు కుడతారు. కొత్త డిజైను వచ్చినప్పుడల్లా కటింగ్ మాస్టారు ముందుగా ఒక నమూనా కుట్టి, చెకింగ్ బల్ల దగ్గర దారాలు కత్తిరించుకుంటున్న ఈ పిల్లను పిలిచి తొడిగించేవాడు. మీడియం సైజు ఆమెకు అచ్చు గుద్దినట్టు సరిపోయేది. ఆయన గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని చుట్టూ తిరిగి చూసి, ఆమె ఒంటి మీద కుదిరిన కొలతనే ఖాయం చేసేవాడు. ఆ కొలతకే వందల గౌన్లకు గుడ్డ కోసేవారు. "టేపైనా తప్పు చెబుతుందేమో గానీ, మా మీడియం చెప్పదు" అని నలుగురిలో అనేవాడు.

ఆ మాటకు ఆమె పొంగిపోయేది. పొంగిపోదూ మరి! ఇంట్లో ఒక్కనాడైనా ఆమె ఎవరికైనా సరిపోయిందా? అక్క నోరు పెద్దది, అక్క అన్నదే చెల్లుబాటు. అమ్మేమో వచ్చినవాళ్లందరికీ "మా చిన్నది బంగారం, నోట్లో నాలుకే లేదు" అని చెప్పుకునేది. అలా పొగిడి పొగిడే ఆ పిల్ల నోరు కుట్టేశారు. పైగా ఏ చిన్న మాటనైనా పట్టుకు వేలాడే స్వభావం ఆమెది. గౌనుకు ఒక్క దారం మిగిలిపోయిందని ఎవరైనా అంటే, ఆ దారమే మెడకు చుట్టుకున్నట్టు రోజంతా మొహం మాడ్చుకుని తిరిగేది.

సాయంత్రాలు కటింగ్ క్లాసుకు వెళ్లేది. తనూ ఏదో ఒకనాటికి కత్తెర పట్టాలని ఆమె ఆశ. కాన్పయ్యాక అక్క మళ్లీ ఉద్యోగంలో చేరగానే "పిల్లాణ్ణి ఎవరు చూస్తారే? నీ క్లాసుకేం, వచ్చే ఏడాదీ ఉంటుంది" అంది. అమ్మ పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆమె "సరే అక్కా" అంది. ఒళ్లంతా మండిపోతుంటే, నవ్వుతూ అంది.

ఆ మర్నాడే మొదలైంది. మధ్యాహ్నం అందరితో కూర్చుని రెండు ముద్దలు కతికి, చాలంటూ లేచేది. తర్వాత గుడ్డ తానులు పెట్టే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని, సంచిలోంచి బ్రెడ్డు, జాము, బిస్కెట్లు తీసేది. ఆకలి కాదది. ఆకలైతే ఎక్కడో ఒకచోట తీరుతుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టు సరిగా నమలకుండానే మింగేది. తింటున్నంతసేపూ అక్క గొంతు వినిపించేది కాదు. కడుపు నొప్పెట్టాక మాత్రం తనంటే తనకే అసహ్యం వేసేది. ఇక ముట్టనని ఒట్టు పెట్టుకునేది. నమూనా తొడిగే రోజు దగ్గర పడితే పస్తులుండేది. ఆ పస్తులకూ, లోపల అణిచిపెట్టిన కోపానికీ కలిపి ఆ ఒట్టు కాస్తా గాలికి కొట్టుకుపోయేది.

తర్వాతి నమూనా నడుం దగ్గర పట్టేసింది. ఆమె ఊపిరి బిగబట్టి నిలబడింది. మాస్టారు ఒక క్షణం ఆగి, "నా కత్తెర జారినట్టుందమ్మా" అని పక్క కుట్లు విప్పి వదులు చేశాడు.

ఆ వదులు కొలతకే కోసిన గౌన్లు మూటలు మూటలుగా తిరిగొచ్చాయి. మీడియం అని రాసి లార్జ్ పంపారేమిటని దుకాణాలవాళ్లు తిట్టిపోశారు. ఓనరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. హాల్లో అందరి ముందూ "కళ్లు కనబడకపోతే ఇంట్లో కూర్చోండి మాస్టారూ. రేపట్నుంచి రాకండి" అన్నాడు. ఆయన తల దించుకుని కత్తెర బల్ల మీద పెట్టాడు.

ఆమె దారాలు కత్తిరించడం ఆపేసింది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. లేచి ఓనరు ముందుకు వెళ్లింది.

"తప్పు మాస్టారుది కాదండీ, నాది. నేను లావయ్యాను."

ఓనరు నవ్వేశాడు. "దానికేముందమ్మా, నాల్రోజులు తిండి తగ్గించు." చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"నవ్వకండి!" ఆ అరుపు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "తానుల గదిలో దాక్కుని తింటున్నాను. కడుపు నొప్పెట్టినా ఆపలేకపోతున్నాను. మాస్టారు నన్ను నమ్మారు, అంతే."

ఎవరూ నవ్వలేదు. ఓనరు కాసేపు గడ్డం గోక్కుని, ఇకమీదట కొలతలు చెక్కబొమ్మ మీద చూడమని మాస్టారుతో చెప్పి వెళ్లిపోయాడు. మాస్టారి ఉద్యోగం నిలబడింది. మీడియంకు నమూనాలు తొడుక్కునే పని పోయింది.

నిజం చెప్పింది కాబట్టి ఆమె బాధ అంతటితో తీరిపోయిందని రాయాలని నాకూ ఉంది. తీరలేదు. తిన్నగా తానుల గదిలోకి వెళ్లి బ్రెడ్డు పొట్లం చింపింది. వెనకాలే మాస్టారు వచ్చి ఒక తాను మీద కూర్చున్నాడు. ఆయన చూస్తున్నా ఆమె చెయ్యి ఆగలేదు. చాలని ఆయన అనలేదు.

"ఆ రోజు నా కత్తెర జారలేదమ్మా. బిగుతుగా ఉందంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా" అన్నాడు మెల్లగా.

‘పర్లేదు మాస్టారూ’ అన్న మాట అలవాటుగా నోటి దాకా వచ్చింది. ఎందుకో పైకి రాలేదు.

"ఎవరి మీదమ్మా అంత కోపం?"

"అక్క మీద." నోట్లో ఉన్నది కష్టంగా మింగింది. "అమ్మ మీద. మీ మీద కూడా."

"నా మీదెందుకు తల్లీ?"

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. "తెలిసి కూడా, ఏమైందమ్మా అని ఒక్కసారి అడగలేదు కదా మాస్టారూ!"